భట్టి అక్క తేలిక బిస్కెట్లు

భట్టి అక్క పోయింది. సోమవారం తెల్లవారుతుండగా పాలు పోసే ఆమె మా ఇంటికి వచ్చి, చెంబు కింద పెట్టకుండానే ఆ మాట చెప్పింది.

“సేటూ, భట్టి అక్క పలుకుతలేదు. పొయ్యికాడ్నే కూసున్నది. కండ్లు తెరిచే ఉన్నయ్. జర వచ్చి చూడు.”

వెళ్లి చూశాను. భట్టి గోడకు వీపు ఆనించి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. వేళ్లకు పిండి అలాగే ఉంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా తగిలింది. బతికే ఉందనుకుని రెండుసార్లు పిలిచాను. ఆ వెచ్చదనం ఆమెది కాదని, వెనక గోడదని తెలియడానికి కొంతసేపు పట్టింది. ఆ పొరపాటుకు నేను సిగ్గుపడను. ఆమె విషయంలో నేను చేసిన తప్పుల్లో అది చాలా చిన్నది.

మూడో రోజు గ్రంథాలయం కార్యదర్శి వచ్చాడు. వాళ్లు నెలకోసారి చేత్తో రాసి, కుట్టి, బల్ల మీద పెట్టే పత్రిక ఒకటుంది. “సేటూ, మీరు పక్కింటోళ్లు. మీ అంత చదివినోళ్లు ఊర్ల ఇంకెవ్వలున్నరు? అక్క మీద నాలుగు మంచి మాటలు రాసియ్యున్రి” అన్నాడు. సమాధి రోజు ఏం జరిగిందో ఆయనకు తెలుసు. అందుకే ‘మంచి’ అన్న మాటను కాస్త నొక్కి పలికాడు. రాస్తానన్నాను. మంచి మాటలు ఆమె గురించి రాస్తాను. మిగిలినవాళ్ల గురించి ఎలాంటివి రాయాలో ఆయన చెప్పలేదు.

ఆమెది మద్దూరు పక్కన ఒక పల్లె. పెళ్లయిన మూడో ఏట మొగుడు కలరాతో పోతే, క్రైస్తవ మిషన్ వాళ్ల దవాఖానలో వంటపనికి కుదిరి, వాళ్ల మతంలో కలిసింది. అక్కడ ఒక దొరసాని దగ్గర రొట్టె, బిస్కెట్ చేయడం నేర్చుకుంది. ఆ దొరసాని తన దేశానికి వెళ్లిపోయాక సిద్దిపేట వచ్చి, మా ఇంటి పక్కనున్న పెంకుటి కొట్టం కిరాయికి తీసుకుంది. ఇటుకా మట్టీ కలిపి తన చేతులతోనే భట్టి కట్టుకుంది. పైన గుమ్మటం, ముందు ఒక చిన్న నోరు. మా పెరటి గోడకు అవతలి వైపు అది, ఇవతలి వైపు నేను. ఇరవై ఏళ్లు అలా గడిచాయి.

ఆమె దగ్గర బిస్కెట్లు కొనడం అనేది లేదు. మా ఊరి ఆచారం వేరు. పండుగకో పెళ్లికో ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి మైదా, నెయ్యి, చక్కెర తీసుకుని భట్టి దగ్గరికి వెళ్లాలి. ఆ ఇంటి ఆడవాళ్లే పిండి కలిపి, తట్టి, రేకు మీద పేర్చాలి. ఆమె పని ఆ రేకును పొడుగాటి ఇనుప గరిటెతో భట్టిలోకి నెట్టడం, సమయానికి బయటికి లాగడం. ఆమె చెయ్యి పిండికి తగలదు, ఆమె ఇంటి నీళ్లు అందులో పడవు. కనుక ఎవరి కులానికీ నష్టం లేదు. ఆమె చేతి వంట తినం అనే ఇళ్లన్నీ ఆమె నిప్పు మీద వండింది మాత్రం డబ్బాల నిండా తినేవి. రేకులు కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉండేది. ఒకరు దువ్వెన పళ్లతో గీతలు పెట్టేవాళ్లు, ఒకరు గాజుతో సున్న చుట్టేవాళ్లు. మా ఇంటి గుర్తు ఐదు చుక్కల పువ్వు.

ఇక నా సంగతి. నాది బట్టల దుకాణం. మెత్త మీద కూర్చుంటే సాయంత్రం దాకా లేచే పని లేదు. యాభై దాటేసరికి గంజ్‌లో ధాన్యం తూచే పెద్ద కాంటాలో నన్ను కూర్చోబెడితే, అవతలి తట్టలో ఒక నిండు జొన్న బస్తా, దాని మీద రెండు బెల్లం ముద్దలు పెడితే గాని సమం కాలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా వాళ్లలో పొట్ట అంటే పరువు. ఆ పరువుతోపాటే దాహం, కాళ్ల తిమ్మిర్లు వచ్చాయి. పట్నం నుంచి నెలకోసారి వచ్చే డాక్టరు పరీక్ష చేసి, చక్కెర జబ్బని ఒక మందు రాసిచ్చాడు. నెయ్యి, తీపి మానకపోతే రెండేళ్లకు మించి బతకవన్నాడు. ఏం తినాలో అడిగితే గడియారం చూసుకున్నాడు.

నేను తీపి మానలేకపోయాను. మా ఇంటావిడతో నెయ్యి తగ్గించమంటే ఇంటి పైకప్పు తీసేయమన్నట్టు చూసేది. ఆమె ఇప్పుడు లేదు, కాబట్టి ఇంతకంటే అనను. ఒక మధ్యాహ్నం పెరట్లో నిలబడి అరిసె తింటుంటే గోడ మీద నుంచి గొంతు వినిపించింది.

“గా బొర్ర ఏంది తమ్మీ, ఎవని కోసం మోస్తున్నవ్?”

నలుగురిలో నన్ను సేటు అనేది. గోడ దగ్గర మాత్రం తమ్మీ. నాకు అక్కలు లేరు. ఆ పిలుపు నాకు ఇష్టమని ఆమెకు తెలుసు.

“డాక్టరు మానమన్నడు అక్కా. మాన్తలేను.”

“ఎవ్వడు మాన్తడు? మానమనేటోడు ఇంటికి పోయి తింటడు. నువ్వు మానకు. రోజుకొక్కటి తిను. గది నేను చేసింది తిను.”

“నువ్వు చేసిందా?”

“నా చెయ్యికి పండ్లున్నయా, నిన్ను కరువనీకి? తింటవా సస్తవా చెప్పు.”

తింటానన్నాను.

ఆమె పద్ధతి ఇక్కడ రాసిపెడుతున్నాను, అది నాతో పోకూడదు. మైదా ఒక పాలు, గుడ్డలో జల్లించిన జొన్నపిండి రెండు పాళ్లు. నెయ్యి అందరూ వేసేదాంట్లో నాలుగో వంతు. ఆ కాస్త నెయ్యిని ఇత్తడి పళ్లెంలో వేసి, అరచేత్తో తిప్పుతూ, తెల్లగా నురగలా పొంగేదాకా కొట్టేది. భుజం నొప్పి పుట్టే పని అది. “గాలికి బరువుండది తమ్మీ. నెయ్యి ఉండాల్సిన జాగల గాలి పెడుతున్న, గంతే” అనేది. వెన్న తీసిన పెరుగు రెండు చెంచాలు, చిటికెడు సోడా ఉప్పు, ఏలకుల పొడి. చక్కెర పిండిలో వేసేది కాదు. భట్టిలో పెట్టే ముందు పైన చిటికెడు చల్లేది. నాలుకకు మొదట తగిలేది తీపి అయితే, లోపల లేదని నాలుకకు తెలియదట. మంట మీద కాల్చేది కాదు. నిప్పులన్నీ లాగేశాక భట్టిలో మిగిలిన వేడికి వదిలేసేది.

తినడానికీ నియమాలుండేవి. పగటి భోజనం తర్వాతే తినాలి. కూర్చునే తినాలి. ఆ బిస్కెట్ కోసం కంచంలోంచి ఒక పిడికెడు అన్నం ముందే తీసేయాలి. చిన్న ముక్కలుగా విరుచుకోవాలి. “నోట్ల ఒకటున్నంత సేపు ఇంకోదాని గురించి తలుసుకోకు. గట్ల తలుసుకునే గింత లావైనవ్” అన్నది ఒకసారి. నేను ఎన్నో భాషల పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ఆహారం గురించి అంత సూటిగా చెప్పిన పేజీ నాకు ఇంతవరకు కనబడలేదు.

మా ఇంటి రేకుతో కలవకుండా నా బిస్కెట్లకు వేరే గుర్తు కావాలి కదా. వాటిని ఆమె మనిషి ఆకారంలో కోసింది. క్రిస్మస్ పండుగకు దవాఖానలో పిల్లల కోసం దొరసాని అలా చేసేదట. గుండ్రటి తల, రెండు చేతులు, రెండు కాళ్లు, పెద్ద పొట్ట. కళ్ల దగ్గర రెండు లవంగాలు గుచ్చేది. సోమవారం సోమవారం ఏడు బొమ్మలు ఒక చిన్న రేకు డబ్బాలో పెట్టి గోడ మీద ఉంచేది. నేను దాన్ని దుకాణం పైగదిలో తానుల వెనక దాచేవాణ్ని.

“కాంటా ఏమన్నదో నెలనెల నాకు చెప్పు. నువ్వు తగ్గినకొద్ది వీని నడుం కోస్త” అనేది. అది తమాషా కాదు. బొమ్మ పొట్ట తగ్గితే నేను తినే బిస్కెట్ తగ్గినట్టే. ఒక్కసారిగా తగ్గిస్తే నాకు తెలుస్తుంది, నెలకింత కోస్తే తెలియదు.

మొదట బెల్లం ముద్దలు దిగాయి. తర్వాత బస్తాలోంచి జొన్నలు తీయడం మొదలుపెట్టారు. గంజ్‌లో నవ్వులు ఆగిపోయాయి. ఎట్ల తగ్గినవ్ సేటూ అని అడిగారు. ఉపవాసాలన్నాను. ఏకాదశులు, శనివారాలు, ఏదో మొక్కు. ఆమె చేత్తో కలిపింది రోజూ తింటున్నానని చెబితే మా కులపెద్దలు మర్నాడే నన్ను వెలివేసేవాళ్లు. అబద్ధం బాగా పండింది. మా వాళ్ల సత్రంలో పిలిచి నాకు శాలువా కప్పారు. నేను కప్పించుకున్నాను.

చలికాలం మొదట్లో ఒక డబ్బాలో బొమ్మకు ఎడమ చెయ్యి విరిగి ఉంది. నేను పట్టించుకోకుండా తినేశాను. ఆ సాయంత్రం దుకాణంలో స్టూలెక్కి తాను దించబోయి జారిపడ్డాను. ఎడమ మణికట్టు వాచింది. గోడ దగ్గర ఆ సంగతి నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు.

“రేకు గుంజేటప్పుడు విరిగింది తమ్మీ. గది పడేయాల్సింది. ఎందుకు పంపిన్నో నాకే తెల్వది.”

తర్వాతి నెల నేను ఇంకా కాంటా ఎక్కకముందే డబ్బాలో బొమ్మలు సన్నబడి వచ్చాయి. గంజ్‌కు వెళ్లి తూచుకుంటే కాంటా సరిగ్గా ఆ మాటే చెప్పింది. ఎలా తెలిసిందని అడిగాను. “నువ్వు నడిచే సప్పుడు వింటున్న గద. తేలికైంది” అన్నది. అది నమ్మదగ్గ సమాధానమే. అయినా ఆ రోజు పైగదిలో బొమ్మను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. లవంగాల కళ్లు నన్నే చూస్తున్నట్టు అనిపించింది. కాళ్లవైపు నుంచి మొదలుపెట్టి తిన్నాను. అప్పటినుంచీ అలాగే తినేవాణ్ని, తల చివరికి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చేతబడిని మా వైపు బాణామతి అంటారు. పిండితోనో మట్టితోనో మనిషి బొమ్మ చేసి మంత్రం చదివితే, బొమ్మకు ఏమైతే మనిషికీ అదే అవుతుందని నమ్ముతారు. చేసినవాళ్ల ముందరి పళ్లు పీకేస్తే మంత్రం నోట పలకదు, పీడ వదులుతుంది అంటారు. ఇదంతా అజ్ఞానమని, బాణామతి అనేదే లేదని, దీనికి ఆరు నెలల ముందు అదే గ్రంథాలయంలో నేను గంటసేపు మాట్లాడాను. బాగా చప్పట్లు కొట్టారు. ఇప్పటి కార్యదర్శి ముందు వరుసలో కూర్చున్నాడు.

ఆ చలికాలంలోనే నాకు జ్వరం పట్టుకుంది. పది రోజులైనా దిగలేదు. బట్టలు ఒంటి మీద వేలాడుతున్నాయి. మా ఇంటావిడ నా కోసం మందపు దుప్పటి తేవడానికి దుకాణం పైగదికి వెళ్లి, తానుల వెనక డబ్బా చూసింది. మూత తీసింది. లోపల నాలుగు సన్నటి మనుషులు, కళ్లల్లో లవంగాలు గుచ్చి.

అవి నేను తింటున్నానన్న ఆలోచన ఆమెకు రావడానికి అవకాశమే లేదు. ఆమె మొగుడు ఒక క్రైస్తవురాలు కలిపిన పిండి నోట్లో పెట్టుకోవడమా? అంతకంటే బాణామతిని నమ్మడం తేలిక. తమ్ముణ్ని పిలిపించింది.

మర్నాడు అంగడి. మిట్టమధ్యాహ్నం. మామూలుగా ఆ వేళకు మా వీధిలో బండ్ల మోత, కూరగాయల కేకలు ఉండాలి. నేను ముందు గదిలో పడుకుని ఉన్నాను. ఉన్నట్టుండి శబ్దాలన్నీ ఆగిపోయాయి. తలుపు సందులోంచి చూస్తే భట్టి ముందు ముప్పై నలభై మంది నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. చలికాలమైనా ఎండ నిలువుగా పడుతున్నట్టుంది, ఒక్కరికీ నీడ లేదనిపించింది. మధ్యలో నేల మీద నా డబ్బా ఉంది. దాన్ని చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో పట్టుకొచ్చారు. అంగట్లో గొడుగు కింద కూర్చుని పళ్లు పీకేవాడు ఆ రోజు గొడుగు లేకుండా వచ్చి భట్టి అక్క పక్కన నిలబడ్డాడు. ఆమె గరిటె కర్ర పట్టుకుని భట్టి నోటి దగ్గర ఉంది. లోపల ఒక రేకు కాలుతోంది. అది మా ఇంటి రేకే. నాకు బాగైతే గుడిలో పంచుతానని పొద్దున మా ఇంటావిడే కలిపి పెట్టి వచ్చింది.

మా బామ్మర్ది లోపలికి వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు.

“బావా, ఒక్క మాట చెప్పు. గీ బొమ్మలు నువ్వు చేయించుకున్నవా?”

నేను తలుపు సందు వైపు చూశాను.

“చేయించుకున్న అను, ఇప్పుడే అందర్ని ఇండ్లకు తోలేస్త. నాకేం ఆమె మీద పగ లేదు. నీకు తెల్వకుంట పెట్టిందంటె మాత్రం ఇగ నా చేతుల లేదు.”

ఇన్నేళ్లుగా ఇతన్ని నేను మనసులో తిట్టుకుంటూ వచ్చాను. అతను చేయించిన పనికి ఆ తిట్లు చాలవు కూడా. కాని ఆ రోజు ఊరంతటిలో అడగాలని తోచింది అతనొక్కడికే. నేను అవును అంటే చాలు. ఒక్క మాట.

నా నోట వచ్చింది ఇది: “తెల్వదు.”

వెలివేస్తారన్న భయం ఉంది, నిజమే. శాలువా ఉంది, అదీ నిజమే. ఈ రెండూ చెప్పి ఊరుకుంటే చదివేవాళ్లు నన్ను పిరికివాడు అనుకుని వదిలేస్తారు. మూడోది ఉంది. ఆ జ్వరంలో, ఆ వెలుగులో, నేను నమ్మాను. విరిగిన చెయ్యి గుర్తొచ్చింది. కాంటా కంటే ముందే సన్నబడిన బొమ్మ గుర్తొచ్చింది. నాలుగు అలమారాల పుస్తకాలు చదివిన నేను, రోజూ ఆమెతో గోడ దగ్గర మాట్లాడిన నేను, ఆమె నన్ను కొద్దికొద్దిగా కోసేస్తోందని ఒక్క క్షణం నిండుగా నమ్మాను. మిగిలిన నలభై మంది నమ్మింది కూడా అంతే.

బామ్మర్ది బయటికి వెళ్లి తల అడ్డంగా ఊపాడు.

ఆమె అరవలేదు. ఇద్దరు ఆమె భుజాలు పట్టుకున్నప్పుడు మాత్రం ఒక మాట అన్నది. ఆ నిశ్శబ్దంలో నాకు స్పష్టంగా వినబడింది.

“సేటోళ్ల రేకు మాడిపోతది. ఎవలన్న గుంజున్రయ్యా.”

ఎవరూ లాగలేదు. మాడిన వాసన ఇంట్లోకి వచ్చింది. ముందరి పళ్లు నాలుగు పీకారు. నాలుగోదానికి కాస్త ఎక్కువసేపు పట్టింది. ఆ తర్వాత అంగడి శబ్దాలు, ఎవరో సైగ చేసినట్టు, మళ్లీ మొదలయ్యాయి.

సాయంత్రానికి నా జ్వరం దిగింది. ఊరికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

తొమ్మిది రోజులు భట్టిలోంచి పొగ రాలేదు. పదో రోజు వచ్చింది. ఆమె ఎక్కడికి పోతుంది? మా ఊళ్లో ఇంకో భట్టి లేదు, ఎదురుగా పెళ్లిళ్ల రోజులు. మొట్టమొదటి రేకు మోసుకొచ్చింది మా బామ్మర్ది పెళ్లాం. గాజుతో సున్న చుట్టిన బిస్కెట్లు. భట్టి అక్క ఆ రేకు లోపలికి నెట్టి, సమయానికి బయటికి లాగింది. ఒక్కటి కూడా మాడలేదు.

సోమవారం నాడు గోడ మీద డబ్బా కనబడింది. మూత తీస్తే ఏడు గుండ్రటి బిస్కెట్లు. గోడ అవతల ఆమె నిలబడి ఉందని తెలుసు.

“బొమ్మ వద్దు తీయ్. మంది భయపడ్తున్రు. మందు ఆపొద్దు, రోజుకొక్కటి తిను సేటూ.”

ఆ తర్వాత, పోయేదాకా, ఆమె నన్ను తమ్మీ అని పిలవలేదు. నన్ను తిట్టలేదు, నిలదీయలేదు, డబ్బా ఒక్క వారం ఆపలేదు. నాకు పడిన శిక్ష ఆ ఒక్క పిలుపే.

ముందరి పళ్లు లేనిదే బిస్కెట్ కొరకలేం. ఆమె తన చేతి వంట రుచి చూడటానికి కొత్త దారి వెతుక్కుంది. నెయ్యి ఇంకాసేపు కొట్టేది. జొన్నపిండి రెండుసార్లు జల్లించేది. కాగితమంత పలచగా తట్టేది. ఏడాది తిరిగేసరికి అవి నాలుక మీద పెట్టగానే కరిగిపోయేలా తయారయ్యాయి. ఊళ్లోవాళ్లకూ ఆ కిటుకు చెప్పింది. యుద్ధం రోజులు, నెయ్యి కరువు, చక్కెర కూపన్లకు దొరికేది. తక్కువ నెయ్యితో అంత తేలికగా వస్తాయంటే ఎవరికి చేదు? చిన్నకోడూరు నుంచి, ఇబ్రహీంపూర్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. నోట్ల పెడితె మాయమైతుంది, గా చెయ్యి బంగారం అనేవాళ్లు. అంత మెత్తగా చేయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఒక్కరూ అడగలేదు. డాక్టరు మళ్లీ వచ్చినప్పుడు నా పొట్ట పట్టి చూసి, “నా మందు మంచిగ పనిచేసింది” అన్నాడు. ఆయన రాసిచ్చిన మందు నేను ఒక్క చుక్క తాగలేదు.

నా బరువు అక్కడ నిలబడింది. ఆమె బరువు నిలబడలేదు. ఏడాదికేడాది సన్నబడింది. పగలు అన్నం నామమాత్రం, సాయంత్రం ఒక బిస్కెట్, అంతే. “ఏం తిన్నవు అక్కా” అంటే “ఒక్కటి చాలు సేటూ” అనేది. ఆమె అడుగు వినబడటం మానేసింది. భట్టి దగ్గర వంగి ఉందనుకుంటే గోడ దగ్గర ఉండేది. ఎప్పుడు నడిచొచ్చిందో తెలిసేది కాదు. పోయిన ఎండాకాలం ఒకరోజు మైదా సంచి చినిగి కొట్టం నేలంతా తెల్లబడింది. ఆమె ఆ చివర నుంచి ఈ చివరకు నడిచొచ్చి నాకు డబ్బా ఇచ్చింది. ఆమె వెనక పిండి మీద అడుగులు వెతికాను. నాకు కనబడినంతలో, వేళ్ల కొనలు తగిలిన నాలుగు మచ్చలు తప్ప ఏమీ లేవు. నా చూపు మందగించిందని నాకు తెలుసు. తెలిసిన సంగతి తెలిసినట్టు, చూసిన సంగతి చూసినట్టు రాస్తున్నాను.

ఇక సమాధి రోజు సంగతి. మంగళవారం పొద్దున ఊరంతా భట్టి దగ్గరికి వచ్చింది. శవపెట్టె ఎత్తే ముందు పాదిరిగారు ప్రార్థన చదివి, ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగారు. మా బామ్మర్ది ముందుకొచ్చాడు. అక్క గురించి, ఆమె చేతి గురించి, ఆమె ఓపిక గురించి చెప్పాడు. మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు. దొంగ ఏడుపు కాదు, అదే నాకు భరించరానిదైంది.

నేను ముందుకొచ్చాను.

“ఆ రోజు నువ్వడిగినవు. తెల్వదన్న. నాకు తెలుసు. ఆ బొమ్మలు నేనే చేయించుకున్న. ఆమె చేత్తో కలిపింది ఏడేండ్లు తిన్న. అందుకే బతికున్న.”

ఎవరూ కదల్లేదు. ఎండలో నిలబడిన ఆ రోజు ముఖాలే, కొంచెం ముసలివైనాయి. పళ్లు పీకినవాడు కూడా ఉన్నాడు. వాడు నేల చూపులు చూడలేదు, నన్నే చూశాడు.

“ఇప్పుడెందుకు బావా?” అన్నాడు బామ్మర్ది మెల్లగా. “ఆమెనే పోయింది. ఎవలికి చెప్తున్నవ్?”

పెట్టె ఎత్తేవాళ్ల వైపు తిరిగి, ఒక మూల నాకివ్వమన్నాను. పాదిరిగారు వద్దన్నారు, ఈ వయసులో బరువు మోయలేవన్నారు. బరువు కోసమే అడుగుతున్నానని ఆయనకు ఎలా చెప్పను? ఎడమ వైపు ముందున్న మనిషి తప్పుకున్నాడు. కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, పళ్లు కరుచుకుని, పెట్టె కింద భుజం పెట్టాను.

నలుగురం లేచాం. అవతలి వైపున్న మనిషి నా వైపు చూశాడు. వెనకనున్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకతను పెట్టె వైపు తల తిప్పి, అడగబోయి, ఊరుకున్నాడు. దారి పొడుగునా ఎవరూ భుజం మార్చుకోలేదు, అవసరం రాలేదు. నేను మాత్రం నాలుగడుగులకొకసారి చెయ్యి పైకెత్తి, భుజం మీద పెట్టె ఉందో లేదో తడిమి చూసుకుంటూ నడిచాను.